చెన్నై ఆకాశం: ఏ వేళకు ఎటు తిరిగి చూడాలి

ఆకాశంలో కనిపించే వింతలు అదృష్టం కొద్దీ ఎదురవుతాయని చాలామంది అనుకుంటారు. వాటిలో అధికభాగం మాత్రం సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉన్నాడు, గాలి ఎటు నుంచి వీస్తున్నది అనే రెండు విషయాల మీదనే ఆధారపడి ఉంటాయి. ఈ రెండూ గమనించే అలవాటు ఉన్నవారు ఇంద్రధనుస్సు ఎక్కడ పడుతుందో అది పడకముందే చెప్పి, ఆ వైపు తిరిగి నిలబడగలరు. అందుకే ఆకాశాన్ని చూడడం నేర్చుకోవాలనుకునేవారికి నేను మొదట చెప్పేది మేఘాల పేర్లు కాదు; ఏ గంటకు ముఖం ఎటు తిప్పాలన్నదే.

చెన్నై ఇందుకు ఎంతో అనువైన ఊరు. తూర్పున అడ్డన్నది లేని బంగాళాఖాతం ఉంది. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలు పడమటి నుంచి వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జల్లులు సముద్రం మీది నుంచి వస్తాయి. టి.నగర్‌లోనో పెరంబూరులోనో ఇంటి మిద్దె ఎక్కగలిగి, వీలు చిక్కినప్పుడు సముద్రతీరానికి వెళ్లగలిగిన తెలుగువారెవరైనా ఖరీదైన పరికరమేదీ లేకుండానే ఈ పని మొదలుపెట్టవచ్చు.

చేయి, నీడ

మొదటి పరికరం మీ చేయి. చేతిని పూర్తిగా ముందుకు చాచి చూస్తే చిటికెన వేలి వెడల్పు ఆకాశంలో సుమారు 1 డిగ్రీని, పిడికిలి సుమారు 10 డిగ్రీలను, బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన దాకా చాచిన జాన 20 నుంచి 22 డిగ్రీలను కొలుస్తాయి. మనిషి చిన్నవాడైనా పెద్దవాడైనా చేయి పొడవు, అరచేయి వెడల్పు ఇంచుమించు ఒకే నిష్పత్తిలో ఉంటాయి కనుక ఈ కొలత అందరికీ పనికివస్తుంది.

రెండవ పరికరం మీ నీడ. నేల మీద మీ తల నీడ పడిన చోటు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న దిశను చూపుతుంది. ఇంద్రధనుస్సుకు కేంద్రం ఆ దిశలోనే ఉంటుంది. నీడ పొడవును బట్టి సూర్యుడి ఎత్తు కూడా తెలుస్తుంది. నీడ మీ ఎత్తుకు సమానంగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు. నీడ మీ ఎత్తులో ఐదింట మూడు వంతులే ఉంటే సూర్యుడు 59 డిగ్రీల ఎత్తుకు చేరినట్టు. ఈ రెండు లెక్కలతో ముందు ముందు పని ఉంది కనుక గుర్తుంచుకోవలసినవి ఇవే.

నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు కూడా ఉన్నాయి. ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతంలో చెన్నైలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు. ఏప్రిల్‌లో 12 గంటల 7 నిమిషాల వేళకు, ఆగస్టులో 12 గంటల 13 నిమిషాల వేళకు చదునైన నేల మీద నిటారుగా నిలిపిన గొట్టానికి పక్కన నీడ ఉండదు. బెంగళూరు దాదాపు ఇదే అక్షాంశం మీద, మరింత పడమరగా ఉంది కనుక అక్కడ అదే రోజున సుమారు 11 నిమిషాలు ఆలస్యంగా నీడ మాయమవుతుంది. ఆ ఊళ్లో బంధువులుంటే ఇద్దరూ ఒకేసారి చూసి, గడియారాలు పోల్చుకొని భూమి తిరుగుడును కళ్లారా కొలవవచ్చు. ఈ రెండు తేదీల మధ్య కాలంలో చెన్నైలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. దీన్ని ఒక్కసారి గమనించినవారికి ఏ కిటికీలోకి ఏ నెలలో ఎండ వస్తుందో చెప్పడం కష్టం కాదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. మండుతున్న సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు; దుర్భిణి గుండా అసలే చూడకూడదు. సూర్యుడి చుట్టూ ఏదైనా చూడవలసి వస్తే నీళ్ల ట్యాంకునో గోడ అంచునో అడ్డం పెట్టుకొని, సూర్యబింబం కంటికి కనపడని చోట నిలబడాలి.

సాయంకాలం తూర్పు వైపు

మెరీనాకు సాయంత్రం వెళ్లేవారు సూర్యాస్తమయం వెనుక, ఊరి భవనాల చాటున జరిగిపోతున్నదని అనుకుంటారు. చెన్నై తీరంలో అన్నిటికన్నా నమ్మకంగా కనిపించే దృశ్యం ఆ వేళలో, ముందున్న సముద్రం మీదనే ఉంటుంది. సూర్యుడు అస్తమించిన నాలుగైదు నిమిషాలకు తూర్పు దిగంతం మీద నీలి బూడిద రంగు పట్టీ ఒకటి మొదలవుతుంది. అది పొగమంచు కాదు, భూమి నీడ. భూగోళం తన నీడను వాతావరణం మీద వేస్తున్నప్పుడు దాని అంచు సముద్రం మీది నుంచి మెల్లగా లేస్తుంది. ఆ నీడకు పైన లేత గులాబీ రంగు పట్టీ కనిపిస్తుంది; పడమటి ఎర్రటి కాంతి తూర్పు వాతావరణంలోని ధూళి మీదా గాలి మీదా పడి వెనక్కి చెదరడం వల్ల ఆ రంగు వస్తుంది. దీన్ని శుక్రమేఖల అంటారు.

దీన్ని చూడడానికి ఓపిక కన్నా సమయపాలన ముఖ్యం. మన అక్షాంశంలో సూర్యుడు దిగంతం కిందికి నిటారుగా దిగిపోతాడు కనుక ఈ దృశ్యం త్వరగా ముగుస్తుంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి నీడ అంచు పైకి పాకి, రాత్రి చీకటిలో కలిసిపోయి గుర్తు పట్టరానిదవుతుంది. చెన్నైలో సూర్యాస్తమయం నవంబరులో 5.40 ప్రాంతంలో, జులైలో 6.40 ప్రాంతంలో జరుగుతుంది. ఆ వేళకు పది నిమిషాల ముందే ఇసుకలో దీపాలకు దూరంగా కూర్చోవాలి. మొదట చూసేది దిగంతం దగ్గరి సముద్రపు రంగు. నీటికి, ఆకాశానికి మధ్య గీత స్పష్టంగా ఉన్న రోజున నీడ అంచు ఆ గీత నుంచి విడిపడే క్షణం తెలుస్తుంది. తరువాత చాచిన చేతి వేళ్లతో దాని ఎత్తును కొలుస్తూ పోతే రెండు వేళ్లు, మూడు వేళ్లు, పిడికిలి అంటూ అది ఎదగడం లెక్కకు అందుతుంది. పున్నమి నాడు చంద్రుడు ఇంచుమించు ఇదే వేళకు, ఇదే పట్టీల నడుమ నుంచి ఉదయిస్తాడు. సంవత్సరంలో ఒక్క సాయంకాలమే తీరానికి వెళ్లగలిగేవారైతే, వర్షాలు వెళ్లిపోయిన తరువాతి జనవరి, ఫిబ్రవరి పున్నముల్లో ఒకదాన్ని ఎంచుకోమంటాను.

ఇదే దిక్కున మరొక దృశ్యం కూడా ఎదురవుతుంది. వేలూరు, చిత్తూరు వైపు పెద్ద ఉరుముల మేఘాలు లేచిన రోజున, అవి మనకు కనిపించకపోయినా, వాటి నీడలు ముదురు చారలుగా ఆకాశమంతా పరుచుకొని తూర్పున సముద్రం మీద ఒక బిందువు వద్ద కలుస్తున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఆ చారలు సమాంతరంగానే ఉంటాయి. దూరం వల్ల కలిసినట్టు తోస్తాయి. పడమటి వైపు విచ్చుకున్న కిరణాలను అందరూ చూస్తారు. తల తిప్పి తూర్పున వాటి మరో కొసను చూసేవారు తక్కువ.

ఇంద్రధనుస్సుకు రెండు కాలాలు, రెండు దిక్కులు

ఇంద్రధనుస్సు సూర్యుడికి ఎదురు దిశ నుంచి 42 డిగ్రీల దూరంలో వలయంగా ఏర్పడుతుంది. కనుక సూర్యుడు 42 డిగ్రీల కన్నా ఎత్తుగా ఉంటే నేల మీద నిలబడినవారికి అది కనిపించదు. మీ నీడ మీకన్నా కాస్త పొడవుగా ఉంటేనే వెతకడం దండగ కాదు. మార్చి, సెప్టెంబరు నెలల్లో చెన్నైలో దీని అర్థం ఉదయం 9 గంటలలోపు, మధ్యాహ్నం మూడున్నర దాటాక అని.

ఇక దిక్కు సంగతి. నైరుతి రుతుపవనాల కాలంలో మధ్యాహ్నపు వేడికి లోపలి జిల్లాల్లో పెరిగిన మేఘాలు సాయంత్రానికి పడమటి నుంచి నగరం మీదికి వచ్చి, వాన కురిపించి, సముద్రం మీదికి సాగిపోతాయి. వాన తెర తూర్పుకు జరగగానే పడమట సూర్యుడు బయటపడితే ధనుస్సు తూర్పున పడుతుంది. కనుక జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంకాలపు వాన తగ్గుముఖం పట్టగానే పడమట మబ్బుల అడుగున వెలుగు చీలిక ఉందేమో చూసి, ఉంటే వెంటనే తూర్పుకు తిరగాలి.

ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది తలకిందులవుతుంది. రాత్రీ తెల్లవారుజామునా సముద్రం మీద పుట్టిన చిన్న జల్లులు తీరం దాటి లోపలికి పోతుంటాయి. మధ్య మధ్య ఎండ కాస్తుంది. ఒక జల్లు మనల్ని దాటి పడమటికి వెళ్లినప్పుడు వెనుక తూర్పున సూర్యుడు కనిపిస్తే ధనుస్సు పడమట, ఊరి మీద నిలుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉదయం 6.30 నుంచి 8.30 మధ్య బడికి, ఆఫీసుకు వెళ్లే తొందరలో దీన్ని దాటిపోయేవారే ఎక్కువ.

ధనుస్సు కనపడ్డాక కాసేపు వివరంగా చూడాలి. వలయం లోపలి ఆకాశం బయటి ఆకాశం కన్నా వెలుతురుగా ఉంటుంది. 51 డిగ్రీల వద్ద, అంటే బయటి వైపు పిడికిలి కన్నా కొంచెం తక్కువ దూరంలో, రంగులు తారుమారైన రెండవ ధనుస్సు ఉండవచ్చు. రెంటి నడుమనున్న ఆకాశం స్పష్టంగా నల్లబడి ఉంటుంది. చినుకులు చిన్నవై, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటే ఊదా రంగు లోపల సన్నని గులాబీ, ఆకుపచ్చ చారలు అదనంగా కనిపిస్తాయి. పోలరాయిడ్ చలువ అద్దాలు ఉన్నవారు వాటిని కంటి ముందు తిప్పి చూస్తే ధనుస్సులోని ఒక భాగం ఒక స్థితిలో మాయమై, మరొక స్థితిలో ప్రకాశవంతమవుతుంది. ఆ కాంతి చినుకుల లోపల పరావర్తనం చెంది ధ్రువణం పొందినందువల్ల, అంటే దాని కంపనాలు ఎక్కువగా ఒకే తలంలోకి వచ్చినందువల్ల, అలా జరుగుతుంది.

వరదగుడి, దాని తోటి వెలుగులు

పలుచని తెల్లటి మబ్బు తెర ఆకాశమంతా పరుచుకున్నప్పుడు సూర్యుడి చుట్టూగానీ చంద్రుడి చుట్టూగానీ ఏర్పడే పెద్ద వలయాన్ని మనవారు వరదగుడి అంటారు. 2021 మే 24న బెంగళూరులో కనిపించి నగరమంతా ఫొటోలు తీసుకున్నది ఇదే. జూన్ 2న హైదరాబాదులోనూ కనిపించింది. ఎత్తయిన సిర్రోస్ట్రాటస్ మేఘాల్లోని ఆరు పలకల మంచు స్ఫటికాల గుండా కాంతి వక్రీభవనం చెంది, అంటే దారి వంగి, 22 డిగ్రీల వ్యాసార్థంతో వలయం కడుతుంది. చేయి చాచి బొటనవేలితో సూర్యుణ్ణి కప్పితే చిటికెన వేలు వలయాన్ని తాకాలి. తాకితే అది వరదగుడి. దాని లోపలి అంచు ఎర్రగా ఉంటుంది.

చంద్రుడి చుట్టూ మూడు నాలుగు వేళ్ల దూరంలోనే కనిపించే చిన్న వలయం వేరు. అది నీటి తుంపరలున్న మబ్బులో కాంతి వివర్తనం వల్ల, అంటే తుంపరల అంచుల వద్ద వంగి పరుచుకోవడం వల్ల, ఏర్పడుతుంది. దాని బయటి అంచు ఎర్రగా ఉంటుంది. తుంపరలు ఎంత పెద్దవైతే ఆ వలయం అంత చిన్నదవుతుంది. ఇదే కారణం వల్ల సూర్యుడి పక్కన పలుచని మబ్బు అంచుల్లో ఆల్చిప్ప లోపలి భాగంలో వలె గులాబీ, ఆకుపచ్చ రంగులు మెరుస్తాయి.

‘దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన’ అనే మాట మనలో ఉంది. పై రెండు వలయాల భేదం తెలిసినవారికి ఈ మాటలోని పరిశీలన ఎంత నిశితమైనదో అర్థమవుతుంది. దూరపు గుడి కట్టే మంచు మబ్బు తెర, బంగాళాఖాతంలోని అల్పపీడనానికో వాయుగుండానికో ముందుగా వందల కిలోమీటర్లు పరుచుకునే పై మేఘాల్లో భాగం కావచ్చు. దగ్గర గుడి కట్టే పలుచని నీటి మబ్బులకు అలాంటి సంబంధం ఉండనక్కరలేదు. అయితే ఆ అల్పపీడనం చెన్నైకి రాకుండా ఒంగోలు వైపో, ఒడిశా వైపో పోవచ్చు కనుక ఈ మాటను ఖాయమైన సూచనగా తీసుకోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనిపించిన ప్రతి గుడినీ జానతో కొలిచి, తరువాతి రెండు రోజుల వానతో కలిపి రాసుకుంటే మూడు నాలుగేళ్లలో మీ ఇంటి మిద్దెకు ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో మీకే తేలుతుంది.

మంచు స్ఫటికాల వెలుగుల్లో చెన్నై, బెంగళూరు వారికి ప్రత్యేకంగా దక్కేది ఒకటుంది. సూర్యుడు 58 డిగ్రీల కన్నా ఎత్తుగా ఉన్నప్పుడు, బల్లపరుపు స్ఫటికాలున్న మబ్బులో సూర్యుడికి దిగువన రెండు జానల దూరాన, దిగంతానికి సమాంతరంగా అచ్చమైన సప్తవర్ణాల పట్టీ ఏర్పడుతుంది. ఉత్తర ఐరోపాలో సూర్యుడు ఎన్నడూ అంత ఎత్తుకు రాడు కనుక వారికి ఇది కనిపించే అవకాశమే లేదు. మనకు జనవరి చివరి నుంచి నవంబరు మధ్య దాకా ఏదో ఒక మధ్యాహ్నపు వేళ సూర్యుడు ఆ ఎత్తు దాటుతూనే ఉంటాడు. నీడ మీ ఎత్తులో ఐదింట మూడు వంతుల కన్నా పొట్టిగా ఉండి, పైన దూది పోగుల వంటి సిర్రస్ మబ్బులు ఉన్న రోజున సూర్యుణ్ణి చేత్తో కప్పి కిందికి చూడాలి. మధ్యాహ్నం ఎవరూ తలెత్తి చూడరు కనుకనే ఇది అరుదైనదన్న పేరు తెచ్చుకున్నదని నా నమ్మకం.

సముద్రం మీద సూర్యోదయం

ఉదయించే సూర్యుడు నిలువునా నొక్కుకుపోయినట్టు కనిపిస్తాడు. దిగంతం దగ్గర గాలి కాంతిని సుమారు అర డిగ్రీ పైకి వంచుతుంది. కింది అంచును పై అంచు కన్నా ఎక్కువగా వంచుతుంది. సూర్యుడి కింది అంచు నీటిని తాకుతున్నట్టు కనిపించే సమయానికి లెక్క ప్రకారం బింబమంతా ఇంకా దిగంతం కిందనే ఉంటుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో నేల మీది నుంచి చల్లని గాలి సముద్రం మీదికి వీచే తెల్లవారుజామున మరొకటి గమనించవచ్చు. నీరు వెచ్చగా, పైన గాలి చల్లగా ఉన్నప్పుడు నీటికి దగ్గరగా ఎండమావి ఏర్పడుతుంది. అప్పుడు సూర్యుడి కింద తలకిందులైన మరో సూర్యుడి ముక్క కనిపిస్తుంది; రెండూ మెడతో అతుక్కొని ఉండి, సూర్యుడు లేచే కొద్దీ విడిపోతాయి. ఇదే పరిస్థితుల్లో బింబపు పై అంచు తొలిసారి బయటపడే ఒకటి రెండు సెకన్లు ఆకుపచ్చగా మెరిసే అవకాశం ఉంది. సూర్యుడు ఎక్కడ లేస్తాడో ముందే తెలియాలి కనుక, క్రితం రోజు అదే చోట నిలబడి ఏ పడవకో ఏ బురుజుకో ఎదురుగా లేచాడో గుర్తు పెట్టుకోవాలి.

ఆకుపచ్చ సూర్యుడంటే చెన్నైకి చరిత్ర కూడా ఉంది. 1883 ఆగస్టు చివరలో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలిన తరువాత, సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు కొన్ని రోజుల పాటు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న మిచీ స్మిత్ ఆ కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరీక్షించి వివరాలు ప్రచురించాడు. వాతావరణంలోని సూక్ష్మమైన కణాలు సూర్యకాంతి రంగును ఎంతగా మార్చగలవో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

సముద్రపు గాలి, సాయంకాలపు ఉరుములు

వేసవిలో చెన్నైవారి రోజును నిర్ణయించేది సముద్రపు గాలి ఎన్ని గంటలకు వస్తుందన్నదే. ఉదయమంతా పడమటి నుంచి వీచే పొడి గాలి నగరాన్ని వేడెక్కిస్తుంది. నేల సముద్రం కన్నా బాగా వేడెక్కాక తూర్పు నుంచి తేమ గాలి లోపలికి చొరబడుతుంది. దాన్ని పట్టుకోవడానికి మిద్దె మీది బట్టల దండెం చాలు. ఉదయం నుంచి తూర్పుకు ఎగురుతున్న చీరలు ఒక దశలో చలనం లేకుండా వేలాడతాయి. ఆ నిశ్శబ్దం కొన్ని నిమిషాలు ఉంటుంది. తరువాత ఒక్కసారిగా అవి పడమటికి ఎగరడం మొదలవుతుంది. అప్పుడే ఒంటి మీది చెమట ఆరడం మానేస్తుంది. దగ్గర ఉష్ణమాపకం ఉంటే అరగంటలో రెండు మూడు డిగ్రీలు తగ్గడం కనిపిస్తుంది. తీరాన ఉన్న బెసెంట్ నగర్‌లో ఈ మార్పు వచ్చిన తరువాత లోపలి వైపున్న అంబత్తూరుకు చేరడానికి కొంత సమయం పడుతుంది కనుక, రెండు చోట్ల ఉన్న మిత్రులు ఫోన్లో వేళలు చెప్పుకుంటే ఆ గాలి ఎంత వేగంతో ఊరు దాటుతున్నదో లెక్క కట్టవచ్చు. పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా ఆపిన రోజుల్లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నగర వాతావరణ కేంద్రం ఉన్న నుంగంబాక్కంలో 45 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైన 2003 మే 31 అలాంటి పడమటి గాలుల కాలంలోనిదే.

సముద్రపు గాలి ముందంచు, పడమటి గాలి ఢీకొనే చోట గాలి పైకి లేస్తుంది. తగిన తేమ ఉంటే అక్కడ మేఘాలు పెరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం 2 గంటల నుంచి పడమటి ఆకాశాన్ని అరగంటకొకసారి చూడాలి. మేఘపు తల గోబీపువ్వులా గట్టి అంచులతో ఉన్నంతసేపూ అది ఇంకా ఎదుగుతున్నది. ఆ అంచులు చెదిరి, పీచుగా మారి, తల చదునుగా పరుచుకుంటే అది క్యుములోనింబస్‌గా, అంటే ఉరుముల మేఘంగా, మారి పై భాగం మంచుగా గడ్డకట్టిందని అర్థం. ఇక ఉరుములు తప్పవు. వాన రాకముందు చల్లటి ఈదురుగాలి పడమటి నుంచి ఒక్క ఊపున వస్తుంది. దాని ముందు నల్లని మబ్బు అరుగులా అడ్డంగా సాగి ఉండవచ్చు. అదే వేళకు చెన్నై ఓడరేవు వద్ద 2002 నుంచి పనిచేస్తున్న, వాన మేఘాల చోటును, కదలికను పట్టే డాప్లర్ రాడార్ చిత్రాలను వాతావరణశాఖ వెబ్‌సైటులో వరుసగా చూస్తే, కంటికి కనిపించిన మేఘం ఏ దిశగా కదులుతున్నదో తెలుస్తుంది. ముందు ఆకాశం చూసి ఒక అంచనాకు వచ్చి, ఆ తరువాతే రాడార్ చూడాలని నా సలహా.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే పిడుగు దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే అది 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. అప్పుడు మిద్దె దిగిపోవాలి, సముద్రతీరం విడిచి పక్కా భవనంలోకో మూసిన కారులోకో చేరాలి. చెట్ల కింద నిలబడకూడదు. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా మళ్లీ బయటికి రాకూడదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ దగ్గరలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఎంత మంచి దృశ్యమైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

తుపాను ఎటు ఉన్నదో గాలి చెబుతుంది

మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. చెన్నైలో ఉత్తరపు గాలి బలపడుతుంటే తుపాను తూర్పున సముద్రంలో ఉన్నట్టు. ఆ గాలి వాయవ్యానికి, తరువాత పడమటికి మళ్లితే అది మనకు ఉత్తరంగా దాటిపోతున్నట్టు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని వానలో ముంచి, ఉత్తరంగా సాగి 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటింది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి మళ్లితే తుపాను దక్షిణంగా దాటుతున్నట్టు. దిక్కు మారకుండా గాలి తీవ్రత మాత్రమే పెరుగుతుంటే అది సూటిగా మన మీదికే వస్తున్నదని భావించాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను అలాగే వచ్చింది. దాని కేంద్రం నగరం మీద ఉన్నప్పుడు గాలి శాంతించి, తరువాత వ్యతిరేక దిక్కు నుంచి విరుచుకుపడింది. ఆ శాంతిని చూసి బయటికి రావడం ప్రాణాంతకం. తుపాను రోజున దిక్కు తెలుసుకోవడానికి కిటికీలోంచి కనిపించే కొబ్బరి మట్టలు చాలు.

చాలా ఫోన్లలో వాయుపీడన మాపకం ఉంటుంది. దాన్ని వాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఉష్ణమండలంలో పీడనం ప్రతిరోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది: ఉదయం 10, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. పగటి పూట ఈ తేడా 3 హెక్టోపాస్కళ్ల (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉండవచ్చు. సూర్యుడి వేడి వాతావరణంలో పుట్టించే ఆటుపోటు ఇది. కనుక మధ్యాహ్నం పీడనం తగ్గిందని తుపాను వస్తున్నదనుకోకూడదు. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చాలి. 24 గంటల్లో మూడు నాలుగు హెక్టోపాస్కళ్లు తగ్గితే వాతావరణశాఖ ప్రకటన తప్పక చదవాలి.

వాన కొలత, పుస్తకం

నిటారు గోడలున్న ఏ పాత్రనైనా వానమాపకంగా వాడవచ్చు. లోపల నిలిచిన నీటి లోతే వర్షపాతం. పక్కనున్న గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో పాత్రను ఉంచాలి. వాతావరణశాఖ ప్రతిరోజూ ఉదయం 8.30కి కొలుస్తుంది కనుక మీరూ అదే వేళకు కొలిస్తే పోల్చుకోవచ్చు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం అని శాఖ లెక్క. 2015 డిసెంబరు 2 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు, తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది. ఒకే నగరంలో ఇంత తేడా ఉంటుంది కనుకనే మీ ఇంటి కొలత విలువైనది.

నుంగంబాక్కంలో 1792లో మద్రాసు ఖగోళ పరిశీలనశాల కట్టినప్పుడు పరికరం కోసం నిలిపిన గ్రానైటు స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన శాసనాల్లో తెలుగు కూడా ఉంది. 1796 నుంచి అక్కడ వాతావరణ వివరాలు రాస్తూ వచ్చారు. అంత పొడవైన వరుస ఉన్న ఊళ్లో మన పుస్తకం మొదలుపెట్టడానికి వేరే ప్రేరణ అక్కరలేదు.

పుస్తకంలో ఒక్కో రోజుకు ఒక్క వరుస చాలు: 8.30 నాటి వాన, గాలి దిక్కు, ఆకాశంలో ఎనిమిదింట ఎన్ని వంతులు మబ్బు పట్టింది, వేసవిలో సముద్రపు గాలి వచ్చిన వేళ. ఆకాశంలో ఏదైనా విశేషం కనిపిస్తే గంట, దిక్కు, జానల్లో కొలత రాయాలి. ఫొటో తీసినా ఈ మూడూ రాయనిదే దానికి విలువ ఉండదు. తేదీ పక్కన కార్తె పేరు కూడా రాయమని తెలుగువారికి ప్రత్యేకంగా చెబుతాను. కార్తెలు సూర్యుడి గమనాన్ని అనుసరించేవి కనుక ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తాయి. పదమూడు పద్నాలుగు రోజుల చొప్పున వానను కూడబెట్టి చూడడానికి నెలల కన్నా అవే సౌకర్యం. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో ప్రవేశిస్తాయి; స్వాతి కార్తె అక్టోబరు 24 ప్రాంతంలో మొదలవుతుంది. ఈ ఏడాది స్వాతి మొదటి రోజు నుంచి కొలవడం మొదలుపెడితే విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు ముగిసేసరికి చెన్నై ప్రధాన వర్షాకాలంలో పెద్ద భాగం మీ పుస్తకంలోకి వచ్చేస్తుంది.